డిస్నీ బాస్ ఆత్మకథ: మా నల్లగొండ చదువరులు పదేపదే అడిగే ప్రశ్నలు

సినిమాలు తీసి, వినోద పార్కులు నడిపే అమెరికా సంస్థ వాల్ట్ డిస్నీ కంపెనీకి 2005 నుంచి 2020 దాకా సీఈఓగా ఉన్న రాబర్ట్ ఐగర్ తన ఉద్యోగ జీవితం గురించి ‘ది రైడ్ ఆఫ్ ఎ లైఫ్‌టైమ్’ అనే పుస్తకం రాశారు. నేను నల్లగొండలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతాను. నెలకోసారి పుస్తకాల మీద మాట్లాడుకునే చిన్న బృందం మాకు ఉంది. విద్యార్థులు, మిల్లు ఓనర్లు, కేబుల్ ఆపరేటర్లు, టీచర్లు వస్తుంటారు. ఈ పుస్తకం పట్టుకెళ్లిన ప్రతివాళ్ల నుంచీ దాదాపు అవే సందేహాలు వాట్సాప్‌లో వస్తున్నాయి, అందుకే అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నలు వాళ్లడిగిన మాటల్లోనే ఉంచాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## పుస్తకం చేతికి తీసుకునే ముందు

ఎవరో అమెరికా కంపెనీ బాస్ కథ. నల్లగొండలో కూర్చుని నేనెందుకు చదవాలి మేడం?

ఒక మనిషి జీవితమంతా పెట్టి ఒక సంస్థ కడతాడు. ఒకరోజు దాన్ని వేరేవాళ్ల చేతుల్లో పెట్టాల్సి వస్తుంది. తీసుకునే మనిషి ఆయనతో ఎలా మాట్లాడాలి? ఈ పుస్తకానికి ప్రాణం అక్కడే ఉంది. సినిమాలు, షేర్లు, కోట్ల డాలర్లు దాని చుట్టూ ఉన్న హంగామా. మన జిల్లాలో రైస్ మిల్లు, బట్టల షాపు, విత్తనాల దుకాణం, ప్రైవేటు స్కూలు... ఏది చూసినా తండ్రి నుంచి కొడుక్కో, ఒక ఓనరు నుంచి ఇంకో ఓనరుకో చేతులు మారే దశలో ఉన్నవి చాలా ఉన్నాయి. ఆ మాటలు సరిగ్గా జరగకే మంచి మంచి వ్యాపారాలు, అన్నదమ్ముల సంబంధాలు చెడిపోతున్నాయి. ఆ మాటలు ఎలా సాగుతాయో ఇంత దగ్గరగా చూపించిన బిజినెస్ పుస్తకాలు తక్కువ. అందుకే చదవమంటాను.

ఇంతకీ ఈ ఐగర్ ఎవరు? డిస్నీ కుటుంబం మనిషా?

కాదు. 1951లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. మామూలు మధ్యతరగతి ఇల్లు. తండ్రికి మానసిక ఆరోగ్య సమస్య ఉండేది, ఉద్యోగాలు నిలిచేవి కావు. ఇంట్లో ఆయన మూడ్ ఎలా ఉంటుందోనన్న టెన్షన్‌తోనే పెరిగానని ఐగర్ దాపరికం లేకుండా రాశారు. చదువయ్యాక కొన్నాళ్లు ఒక చిన్న ఊళ్లో టీవీలో వాతావరణ వార్తలు చెప్పారు. 1974లో ఏబీసీ అనే టీవీ నెట్‌వర్క్‌లో వారానికి 150 డాలర్ల జీతానికి చేరారు. ఆ ఏబీసీ రెండుసార్లు అమ్ముడుపోయింది. మొదట క్యాపిటల్ సిటీస్ అనే చిన్న కంపెనీ కొన్నది, 1995లో డిస్నీ 1,900 కోట్ల డాలర్లకు కొన్నది. అంటే ఐగర్ డిస్నీని ఎంచుకుని చేరిన మనిషి కూడా కాదు, కొన్న కంపెనీతో పాటు వచ్చిన మనిషి. ఈ సంగతి గుర్తుంచుకుని చదివితే, ఆయన వేరే కంపెనీలు కొన్నప్పుడు అందులో పనిచేసేవాళ్ల భయం ఆయనకు ఎందుకంత బాగా తెలుసో అర్థమవుతుంది.

నా ఇంగ్లీష్ అంతంత మాత్రమే. అర్థమైతదా?

అర్థమవుతుంది. సుమారు 250 పేజీలు, చిన్న వాక్యాలు, మాట్లాడినట్టుగా ఉంటుంది. బ్యాలెన్స్ షీట్ గొడవ దాదాపు లేదు. కష్టమంతా పేర్లతోనే. అందుకని ఒక చీటీ మీద ఇవి రాసుకుని పుస్తకంలో పెట్టుకోండి: రూన్ ఆర్లెజ్ (ఏబీసీ స్పోర్ట్స్ అధినేత, ఐగర్‌కు పని నేర్పినాయన), టామ్ మర్ఫీ, డాన్ బర్క్ (ఏబీసీని కొన్న క్యాపిటల్ సిటీస్ పెద్దలు), మైకేల్ ఐస్నర్ (ఐగర్‌కు ముందు డిస్నీ సీఈఓ), స్టీవ్ జాబ్స్ (ఆపిల్, పిక్సార్ అధిపతి), ఐక్ పెర్ల్‌మటర్ (సూపర్‌హీరో కథల కంపెనీ మార్వెల్ అధిపతి), జార్జ్ లూకాస్ (స్టార్ వార్స్ సినిమాల సృష్టికర్త), రూపర్ట్ మర్డోక్ (ఫాక్స్ టీవీ, సినిమా సంస్థల అధిపతి). ఈ ఎనిమిది పేర్లు పట్టుబడితే కథ సాఫీగా సాగుతుంది. ప్రతి పదానికీ ఫోన్‌లో డిక్షనరీ తెరవకండి. పేజీ పూర్తయ్యాక కూడా అడ్డుతగిలే మాట ఉంటే అప్పుడు చూడండి.

నేను ఒక్క ఇంగ్లీష్ సినిమా కూడా చూడలేదు. పర్వాలేదా?

పర్వాలేదు. సినిమాల కథలతో పనిలేదు. మా బృందంలో ఈ పుస్తకం గురించి అందరికంటే బాగా మాట్లాడినాయన స్టార్ వార్స్ పేరు కూడా వినలేదు.

కొనాలా, ఎక్కడన్నా దొరుకుతదా?

2019 సెప్టెంబర్‌లో వచ్చిన పుస్తకం కాబట్టి పాత కాపీలు బాగానే తిరుగుతున్నాయి. హైదరాబాద్ వెళ్తే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఒకసారి వెతకండి. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త, దొంగ ప్రింట్లలో పేజీలు తారుమారవుతుంటాయి. పుస్తకానికి రెండు భాగాలు, మొత్తం 14 అధ్యాయాలు. కొనేముందు లెక్క చూసుకోండి.

## మొదటి సగం చదువుతున్నప్పుడు

మొదలుపెట్టగానే మొసలి, చిన్నపిల్లాడి చావు. బిజినెస్ పుస్తకాన్ని ఇట్ల ఎందుకు మొదలుపెట్టిండు?

2016 జూన్ 16న చైనాలో షాంఘై డిస్నీల్యాండ్ అనే వినోద పార్కు మొదలైంది. పద్దెనిమిదేళ్ల ప్రయత్నం, దాదాపు 600 కోట్ల డాలర్ల ఖర్చు. ఐగర్ జీవితంలో అంత పెద్ద రోజు ఇంకోటి లేదు. సరిగ్గా అదే వారంలో, 12వ తేదీన అమెరికాలోని ఓర్లాండోలో ఒక నైట్‌క్లబ్‌లో కాల్పులు జరిగి చాలామంది చనిపోయారు. డిస్నీ పెద్ద పార్కులున్నది ఆ ఊళ్లోనే. 14వ తేదీన అక్కడి డిస్నీ రిసార్ట్‌లో చెరువు ఒడ్డున ఆడుకుంటున్న రెండేళ్ల పిల్లాణ్ని మొసలి జాతికి చెందిన ఆలిగేటర్ లాక్కుపోయింది.

షాంఘైలో ఒకపక్క రిబ్బన్ కటింగ్ ఏర్పాట్లు నడుస్తుండగా, ఇంకోపక్క హోటల్ గదిలో కూర్చుని ఐగర్ ఆ తల్లిదండ్రులకు స్వయంగా ఫోన్ చేశారు. లాయర్లు రాసిచ్చిన ప్రకటన చదవలేదు. నేనూ పిల్లలున్న తండ్రినే అంటూ మాట్లాడారు. మా బిడ్డ ప్రాణం ఊరికే పోకూడదని ఆ తండ్రి అడిగితే, ఇంకో బిడ్డకు ఇలా జరగకుండా చూస్తానని మాటిచ్చారు. తర్వాత ఒక్క రోజులోనే ఆ విశాలమైన ప్రాంగణంలో నీళ్లున్న చోటల్లా కంచెలు, హెచ్చరిక బోర్డులు పెట్టించారు. మర్నాడు పొద్దున వెళ్లి నవ్వుతూ పార్కు ప్రారంభించారు.

సంస్థ పెద్ద కుర్చీలో కూర్చోవడమంటే ఏమిటో ఈ కొన్ని పేజీల్లో తెలిసినంతగా, తర్వాతి విజయాల అధ్యాయాల్లో తెలియదని నా అభిప్రాయం. పండగా, చావూ ఒకే పూట వస్తే రెండింటికీ మనిషిగా నిలబడాలి. అందుకే దీన్ని ముందు పెట్టి ఉంటారు. పసిపిల్లలున్నవాళ్లకు చదవడం కష్టంగా ఉంటే ఈ భాగాన్ని ఆఖర్న చదువుకోండి, కథకు లోటేమీ రాదు.

150 డాలర్ల జీతం నుంచి అంత పైకి ఎట్ల పోయిండు? వెనక ఎవరున్నరు?

మొదట్లో ఎవరూ లేరు, పైగా ఎదురుదెబ్బే. స్టూడియోలో చేసిన ఆ మొదటి ఉద్యోగంలోనే ఒక పై అధికారితో పొసగలేదు. నీకు ఇక్కడ ప్రమోషన్ వచ్చే ఆశ లేదు, రెండు వారాల్లో వేరే పని చూసుకో అన్నారాయన. ఐగర్ బయటికి పోకుండా అదే కంపెనీలో స్పోర్ట్స్ విభాగంలో పని వెతుక్కున్నారు. అక్కడ రూన్ ఆర్లెజ్ కంటపడ్డారు.

ఆర్లెజ్ దగ్గర పనంటే మాటలు కాదు. ప్రసారానికి కొంచెం ముందు చూసి, నచ్చలేదంటే మొత్తం మళ్లీ చేయించేవారు. సరిపోతుందిలే అన్న మాట ఆయన దగ్గర చెల్లేది కాదు. ఆ పట్టుదలను ఐగర్ జీవితాంతం మోశారు. ఆ తర్వాత వచ్చిన మర్ఫీ, బర్క్‌లు ఇంకో రకం. అనుభవం లేకపోయినా మనిషిని చూసి పని అప్పగించేవారు. వినోద కార్యక్రమాల గురించి ఏమీ తెలియని ఐగర్‌ను 1989లో ఏబీసీ వినోద విభాగానికి అధిపతిని చేసి లాస్ ఏంజిలిస్ పంపింది వాళ్లే. కథల స్క్రిప్టులు ఎలా చదవాలో అక్కడికి వెళ్లాకే నేర్చుకున్నారు.

వెనక ఎవరున్నారని అడిగితే, నా జవాబు ఇదే: పని నేర్పినవాళ్లు ఉన్నారు, నమ్మినవాళ్లు ఉన్నారు. ఇద్దరూ వేర్వేరు మనుషులు కావడం ఆయన అదృష్టం.

కాల్గరీ ఒలింపిక్స్ సంగతి అంత వివరంగా ఎందుకు?

1988 వింటర్ ఒలింపిక్స్ కెనడాలోని కాల్గరీలో జరిగాయి. వాతావరణం వేడెక్కి మంచు కరిగిపోయి పోటీలు వాయిదాలు పడ్డాయి. టీవీలో గంటలకు గంటలు ఖాళీ. ప్రసారాల బాధ్యత ఐగర్ మీద ఉంది. ఆటలు లేని చోట మనుషుల కథలు పెట్టారు. స్కీ జంప్‌లో ఆఖరి స్థానంలో వచ్చే ఎడ్డీ అనే ఇంగ్లండ్ కుర్రాణ్ని ఇంటింటికీ పరిచయం చేసింది అలాంటి కథలే. కంగారును ముఖం మీద కనపడనీయకుండా షెడ్యూలు రోజూ తిరగరాసిన ఆ రెండు వారాలను పై యజమానులు దగ్గర్నుంచి చూశారు. ఆయన దశ అక్కడే తిరిగింది, అందుకే అంత వివరం.

ట్రాంబోన్ నూనె అని ఒక మాట వస్తది. నాకేం అర్థం కాలే.

ట్రాంబోన్ అంటే బ్యాండు మేళంలో ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే పొడుగాటి ఇత్తడి బూర. దానికి వేసే నూనె తయారు చేసి ప్రపంచంలో నంబర్ వన్ అయినా లాభం లేదు, ఎందుకంటే ఏడాదికి ప్రపంచమంతా కలిసి వాడేదే కొన్ని లీటర్లు. చిన్న ప్రాజెక్టు ఒకదాని మీద ఐగర్ ఉత్సాహపడుతుంటే డాన్ బర్క్ ఈ అర్థం వచ్చే చీటీ రాసిచ్చారు. టైమూ డబ్బూ ఎక్కువ తిని, ఎంత బాగా చేసినా పెద్దగా పెరగని పని జోలికి పోవద్దని దాని భావం. ఐగర్ ఆ చీటీని దాచుకుని, తన కింద పనిచేసేవాళ్లకు చూపిస్తుండేవారు.

తప్పు ఒప్పుకుంటే పైవాళ్ల దగ్గర చులకన కామా?

ఏబీసీ స్పోర్ట్స్ రోజుల్లో ఒక మీటింగ్‌లో జరిగిన పొరపాటు గురించి ఆర్లెజ్ నిలదీస్తే, గది నిండా సీనియర్లున్నా ఐగర్ ఒక్కరే అది నా తప్పు అన్నారు. అక్కడ అలా అనే అలవాటు ఎవరికీ లేదు, అందరూ ఆశ్చర్యపోయారు. తర్వాత ఆర్లెజ్ ఆయన్ని ఇంకాస్త గౌరవంగా చూశారు తప్ప చులకన చేయలేదు. అన్ని ఆఫీసుల్లో ఇలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. కానీ దాచిన తప్పు ఎలాగూ ఎవరో ఒకరు పట్టుకుంటారు, అప్పుడు పోయే నమ్మకం మాత్రం మళ్లీ రాదు.

సొంత కంపెనీలోనే సీఈఓ పోస్టుకు 15 ఇంటర్వ్యూలా?

అవును. 2004లో డిస్నీ పరిస్థితి అంత గందరగోళంగా ఉంది. మార్చిలో జరిగిన వాటాదారుల సమావేశంలో 43 శాతం ఓట్లు సీఈఓ ఐస్నర్‌కు మద్దతివ్వకుండా ఆగిపోయాయి. కామ్‌కాస్ట్ అనే కేబుల్ కంపెనీ డిస్నీని మింగేయాలని చూసింది. వాల్ట్ డిస్నీ అన్న కొడుకు రాయ్ బయటికొచ్చి పోరాడుతున్నారు. ఐగర్ ఐస్నర్ కింద నంబర్ టూ కాబట్టి పాత తప్పులన్నీ ఆయన ఖాతాలోనూ పడ్డాయి.

రాజకీయ ప్రచారాలు నడిపిన సలహాదారు ఒకరు ఆయనకు మంచి మాట చెప్పారు. గతం గురించి సంజాయిషీ ఇవ్వకు, భవిష్యత్తు గురించి మూడే మూడు విషయాలు చెప్పు, మూడు దాటితే ఎవరికీ ఏదీ గుర్తుండదు అన్నారు. ఐగర్ ఎంచుకున్న మూడు: నాణ్యమైన కథలు, కొత్త టెక్నాలజీ, ప్రపంచ దేశాలకు విస్తరణ. ప్రతి ఇంటర్వ్యూలో అవే. 2005 మార్చిలో పదవి ఖాయమైంది. ఆ తర్వాత పదిహేనేళ్లు చేసిన ప్రతి పెద్ద పనీ ఆ మూడింటిలో ఏదో ఒకదాని కిందికే వస్తుంది, సరిచూసుకోండి.

## రెండో సగం చదువుతున్నప్పుడు

పిక్సార్‌ను కొనడం అంత గొప్ప విషయమా? డబ్బుంటే ఎవరైనా కొంటరు కదా.

డబ్బుతో అయ్యే పని అయితే ఐస్నర్ హయాంలోనే అయిపోయేది. పిక్సార్ యానిమేషన్ సినిమాలు తీసేది, డిస్నీ వాటిని విడుదల చేసేది. ఐస్నర్‌కూ, పిక్సార్ యజమాని స్టీవ్ జాబ్స్‌కూ పడక 2004లో మాటలు పూర్తిగా తెగిపోయాయి. ఐగర్ తన నియామకం బయటికి ప్రకటించక ముందే జాబ్స్‌కు ఫోన్ చేసి చెప్పారు. కొన్ని నెలల తర్వాత ఏబీసీ సీరియళ్లను ఆపిల్ ఐపాడ్‌లో అమ్మడానికి ఒప్పుకున్నారు. మిగతా టీవీ కంపెనీలు భయపడుతున్న సమయంలో డిస్నీ చకచకా సంతకం పెట్టడం జాబ్స్‌కు నచ్చింది.

2005 సెప్టెంబర్‌లో హాంకాంగ్ డిస్నీల్యాండ్ ప్రారంభంలో ఊరేగింపు చూస్తూ ఐగర్ ఒకటి గమనించారు. గత పదేళ్లలో పుట్టిన పాత్రలు ఏవి నడిచి వచ్చినా అవి పిక్సార్‌వే, డిస్నీ సొంతవి లేవు. సీఈఓ అయ్యాక జాబ్స్‌ను కలిసి, పిక్సార్‌ను కొంటామని అడిగారు. జాబ్స్ వైట్‌బోర్డ్ ముందు నిలబడి లాభాలు ఒకవైపు, నష్టాలు ఒకవైపు రాయడం మొదలుపెట్టారు. నష్టాల వైపు బోర్డు నిండిపోయింది. డిస్నీ పద్ధతులు పిక్సార్‌ను చంపేస్తాయన్నది అందులో మొదటిది. లాభాల వైపు కొన్నే. ఇక అయ్యేది కాదని ఐగర్ నీరుగారిపోతే, గట్టివి రెండు మూడు ఉంటే చాలు, అవి వంద నష్టాలను తూచేస్తాయని చెప్పింది జాబ్సే.

2006 జనవరిలో 740 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. అందులో ఉద్యోగులకు మాటిచ్చిన ఒక జాబితా ఉంది. గేటు మీది పిక్సార్ బోర్డు మారదు, ఈమెయిల్ అడ్రసులు మారవు, వాళ్ల సొంత వేడుకలు అలాగే సాగుతాయి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును కుప్పడం పద్ధతిలో కలుపుతారు చూడండి, నూలు నూలుగానే, పట్టు పట్టుగానే ఉంటాయి కానీ చీర ఒక్కటే. ఆ జాబితా చేసింది ఆ పని. ఇంకోటి కూడా: ఒప్పందం ప్రకటించడానికి గంటలోపే జాబ్స్ ఐగర్‌ను పక్కకు తీసుకెళ్లి, తన క్యాన్సర్ తిరగబెట్టిందని, కావాలంటే వెనక్కి తగ్గొచ్చని చెప్పారు. ఐగర్ తగ్గలేదు. నన్నడిగితే మొత్తం పుస్తకంలో ఈ అధ్యాయాలే అన్నిటికంటే బరువైనవి, నిదానంగా చదవండి.

మార్వెల్ యజమాని ముందు ఒప్పుకోలేదంటరు. మరి ఎట్ల ఒప్పుకుండు?

ఐక్ పెర్ల్‌మటర్ ఎవర్నీ తొందరగా నమ్మని మనిషి. మార్వెల్‌ను దివాలా నుంచి బయటపడేసి నిలబెట్టారు. ఐగర్ ఎన్నిసార్లు కలిసినా ఏదో వెనకాడటం కనిపించింది. చివరికి ఐగర్ స్టీవ్ జాబ్స్‌ను సాయం అడిగారు. జాబ్స్ పెర్ల్‌మటర్‌కు ఫోన్ చేసి, పిక్సార్ విషయంలో ఐగర్ ఇచ్చిన మాటలన్నీ నిలబెట్టుకున్నాడని చెప్పారు. 2009లో 400 కోట్ల డాలర్లకు మార్వెల్ డిస్నీలో చేరింది. ధర అప్పటికే బల్ల మీద ఉంది, కదలనిది మనిషి మనసు. మూడేళ్ల కింద ఇంకొకరికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నందుకు దక్కిన వ్యాపారం ఇది.

లూకాస్ అంత మంచిగ అమ్మి, తర్వాత బాధపడుడెందుకు?

స్టార్ వార్స్ జార్జ్ లూకాస్ సొంత సృష్టి. కంపెనీ మొత్తం ఆయన ఒక్కడిదే. 2012లో 405 కోట్ల డాలర్లకు డిస్నీకి ఇచ్చారు. బేరంలో అసలు పేచీ డబ్బు దగ్గర కాదు, కొత్త సినిమాల కథ మీద ఎవరి మాట చెల్లాలన్న దగ్గర. లూకాస్ మూడు కొత్త సినిమాలకు కథల రూపురేఖలు రాసి ఉంచారు. డిస్నీ వాటిని కొన్నది, కానీ అలాగే తీస్తామని ఒప్పందంలో రాసివ్వలేదు. ఐగర్ ఆ సంగతి స్పష్టంగానే చెప్పానంటారు. తర్వాత కొత్త కథ వినిపించినప్పుడు తన రూపురేఖలు అందులో లేవని తెలిసి లూకాస్ మనసు విరిగింది. కాగితం ప్రకారం ఎవరూ మాట తప్పలేదు. కానీ ఆ కబురు ముందే ఇంకా జాగ్రత్తగా చెప్పి ఉండాల్సిందని ఐగర్ రాసుకున్నారు.

మా బృందంలో అన్నిటికంటే ఎక్కువ సేపు మాటలు నడిచింది ఈ అధ్యాయం మీదే. అమ్మిన తర్వాత కూడా అది నాదే అనిపించడం సహజం. కొన్న మనిషికి హక్కు ఉంటుంది, నిజమే. ఆ హక్కును వాడే రోజున ముందు పాత యజమాని ఇంటికి వెళ్లి, కూర్చుని, తనే చెప్పాలి. వేరేవాళ్ల నోట తెలియనివ్వకూడదు.

ట్విట్టర్ కొనబోయి ఎందుకు ఆగిపోయిండు?

2016లో బోర్డు అనుమతి కూడా వచ్చాక వారాంతంలో ఐగర్ మనసు మార్చుకున్నారు. ద్వేషపు రాతలు, తప్పుడు ఖాతాలు, వాటిని అదుపు చేసే తలనొప్పి, ఇవన్నీ పిల్లలకు వినోదం అమ్మే కంపెనీ నెత్తిన పడతాయని తోచింది. సోమవారం పొద్దున వద్దని చెప్పేశారు. ఆఖరి నిమిషంలో తగ్గే ధైర్యం కూడా పనికొచ్చేదే.

ఫాక్స్‌ను కొన్నరు సరే, మా కేబుల్‌లో వచ్చే స్టార్ మాకు దీనికి లింకేంది?

నేరుగా ఉంది. స్టార్ ఇండియా అప్పట్లో రూపర్ట్ మర్డోక్ ఫాక్స్ సామ్రాజ్యంలో భాగంగా ఉండేది. మన మా టీవీని స్టార్ 2015లో కొనడంతో అది స్టార్ మా అయ్యింది. 2019 మార్చిలో డిస్నీ 7,130 కోట్ల డాలర్లకు ఫాక్స్ ఆస్తుల్లో ఎక్కువ భాగం కొన్నది, దాంతో స్టార్ ఇండియా, హాట్‌స్టార్ డిస్నీ చేతికి వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హాట్‌స్టార్ పేరు ముందు డిస్నీ ప్లస్ చేరింది. 2024 నవంబర్‌లో డిస్నీ తన ఇండియా వ్యాపారాన్ని రిలయన్స్‌తో కలిపి జియోస్టార్ చేసింది, అందులో డిస్నీ వాటా 36.84 శాతం. అంటే మర్డోక్ ఇంట్లో ఇద్దరు ముసలాయనలు కూర్చుని మాట్లాడుకున్న మాటలు, కొన్నేళ్లకు మన ఊళ్లో బిగ్ బాస్ చూసే ఇంటి ఛానెల్ ప్యాకేజీ దాకా వచ్చాయి. పుస్తకంలో ఇండియా గురించి ఉన్నది కొద్దే. ఈ లింకు మనం కలుపుకోవాల్సిందే.

## చదవడం పూర్తయ్యాక

అంతా తన గొప్పలే రాసుకున్నట్టుంది. ఎంతవరకు నమ్మాలె?

సంఘటనలను నమ్మండి, వదిలేసిన వాటిని గుర్తుపెట్టుకోండి. కుర్చీలో ఉండగానే రాసిన పుస్తకం ఇది. ఇంకా వ్యాపారం చేయాల్సిన మనుషుల గురించి ఎవరైనా మర్యాదగానే రాస్తారు. 2018లో ఐగర్ మొత్తం ఆదాయం 6 కోట్ల 56 లక్షల డాలర్లు. డిస్నీ కుటుంబానికే చెందిన అబిగైల్ డిస్నీ 2019లో ఈ జీతాన్నీ, పార్కుల్లో చిన్న ఉద్యోగుల జీతాలనూ పోల్చి బహిరంగంగా తప్పుపట్టారు. టికెట్లు చింపేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు ఎలా బతుకుతున్నారో ఈ పుస్తకంలో వెతికితే పెద్దగా కనపడదు. ఇది చిన్న లోటు కాదు. న్యాయంగా ఉండటం గురించి అంత బాగా రాసిన మనిషి ఆ వైపు కూడా చూడాల్సింది.

దిగిపోయి మళ్లీ వచ్చిండట కదా. అయితే పుస్తకంలో చెప్పిందంతా తప్పయినట్టేనా?

2020 ఫిబ్రవరిలో బాబ్ చాపెక్‌కు పదవి అప్పగించారు. వెంటనే కరోనా, పార్కులు మూత. 2022 నవంబర్‌లో బోర్డు చాపెక్‌ను తీసేసి ఐగర్‌నే మళ్లీ పిలిచింది. 2023లో 7,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. అదే ఏడాది రచయితలు, నటులు సమ్మె చేస్తే వాళ్ల కోరికలు వాస్తవానికి దూరంగా ఉన్నాయని ఐగర్ అనడం చాలామందిని బాధపెట్టింది, నన్ను కూడా. ఆర్టిస్టులను గౌరవించడం గురించి ఆయన రాసిన పేజీలు అప్పటికే చదివి ఉన్నాం.

పుస్తకం తప్పయిందని అనను. కానీ రెండో నంబర్ మనిషిని తయారు చేయలేకపోవడం ఐస్నర్ లోపమని రాసిన ఐగర్‌కు, తన వారసుణ్ని నిలబెట్టడం దగ్గరే చిక్కు వచ్చింది. ఐస్నర్ అధ్యాయాలు ఈ సంగతి తెలిసి చదివితే వేరేగా వినిపిస్తాయి.

మాది మిర్యాలగూడలో రైస్ మిల్లు. నిజంగ పనికొచ్చేది ఏమన్నా ఉందా?

ఉంది. మా బృందంలో ఒకాయన మిర్యాలగూడ దగ్గర పాత మిల్లు ఒకటి కొంటున్నారు. ధర కుదిరింది, అయినా పాత ఓనరు రిజిస్ట్రేషన్ తేదీ వాయిదా వేస్తూ పోతున్నారు. పిక్సార్ అధ్యాయం చదివాక ఈయన ఇంకో పది లక్షలు పెంచే ఆలోచన మానుకుని, ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి అడిగారట: ‘మిల్లులో ఏది మారితే మీకు కష్టమనిపిస్తది బాబాయ్?’ అని. బస్తా మీది బ్రాండ్ పేరు మార్చొద్దన్నారు. ముప్పై ఏళ్లుగా ఉన్న గుమాస్తాను తీసేయొద్దన్నారు. పొద్దున్నే మిల్లుకు వచ్చి వడ్లు నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి తేమ చెప్పడం తనకు అలవాటనీ, ఆ కుర్చీ అక్కడే ఉంచమనీ అడిగారు. తేమ చూసే మిషన్ ఉంది కదా అని ఈయన అనలేదు. మూడూ కాగితం మీద రాసిచ్చారు. రిజిస్ట్రేషన్ అయ్యింది. ఇప్పుడు లారీ దిగగానే పెద్దాయన గింజ కొరుకుతారు, తర్వాతే మిషన్ పెడతారు.

మీరు కొనే వైపున్నా అమ్మే వైపున్నా ఇలాంటి జాబితా ఒకటి ముందే రాసుకోండి. నిలబెట్టుకోగలిగినవే రాయండి.

ఎంబీఏ సెమినార్ ఉంది మేడం. ఏ అధ్యాయం తీసుకుంటే బాగుంటది?

మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల పిల్లలు ఎక్కువగా పిక్సార్ తీసుకుంటున్నారు, విని విని అధ్యాపకులకు విసుగొచ్చింది. మీరు 2018 మే నెల సంగతి తీసుకోండి. ఏబీసీలో నంబర్ వన్ సీరియల్ నటి రోజాన్ బార్ ట్విట్టర్‌లో జాతి వివక్షతో ఒక మాట రాశారు. కొన్ని గంటల్లోనే ఆ షో రద్దయింది. లాభం ఎంత పోతుందో లెక్క వేయకుండా తీసుకున్న నిర్ణయమిది. విలువలకు ధర ఉంటుందా అన్న దాని మీద క్లాసులో మంచి వాదన నడుస్తుంది, పది నిమిషాల్లో చెప్పడానికి కూడా సరిపోతుంది.

ఇంటర్ చదివే మా అమ్మాయికి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. మొదటి భాగం చాలు. తండ్రి జబ్బు గురించి, మొదటి ఉద్యోగంలో పడ్డ అవమానం గురించి ఉన్న పేజీలు ఆ వయసు పిల్లలకు బాగా పడతాయి. ఆరంభంలో పసివాడి మరణం ఉందని ముందే చెప్పి ఇవ్వండి.

మీ చర్చకు రావాలంటే పుస్తకమంతా చదివి రావాలా?

అక్కర్లేదు. ఏదో ఒక అధ్యాయం చదివి రండి. మీకు నచ్చని పేరా ఒకదానికి పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఎందుకు నచ్చలేదో చెప్పండి చాలు. మా కాపీ తీసుకెళ్లినవాళ్లు మాత్రం దయచేసి నెలలోపు తిరిగివ్వండి, దేవరకొండ నుంచి ఇద్దరు పిల్లలు దాని కోసం చూస్తున్నారు.